కొత్త లోక చూశాక ఒక ఆలోచన: మన గంగజాతరను 24 పేజీల కామిక్‌గా వేయాలంటే

#1 కొర్లగుంట_కుంచె

మలయాళంలో 2025 ఆగస్టు 28న వచ్చి, తెలుగులో 'కొత్త లోక'గా ఆడిన సినిమా ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. ఫైట్ల సంగతి పక్కన పెట్టండి. కల్లియంకాట్టు నీలి అని కేరళలో పిల్లల్ని భయపెట్టడానికి చెప్పుకొనే యక్షి కథ ఒకటుంది. ఆ యక్షినే సూపర్‌హీరోని చేసి నిలబెట్టారు చూడండి, అదీ గొప్ప. అంతకుముందు 2024 జనవరి 12న వచ్చిన 'హనుమాన్' కూడా ఊరి కథగానే నడిచింది. ఆ ఊరి పేరు అంజనాద్రి. మన ఏడుకొండల్లో ఒకదాని పేరు అదేనని తిరుపతోళ్ళకి చెప్పక్కర్లేదు.

మన దగ్గర తాతయ్యగుంట గంగమ్మ కథ ఉండనే ఉంది కదా. జనం చెప్పుకొనే ప్రకారం ఆమె తిరుపతి దగ్గరి అవిలాలలో పుట్టింది, కైకాలవాళ్ళ ఇంట పెరిగింది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు ఒకనాడు ఆమె చెయ్యి పట్టుకుంటాడు. నిజరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. వాణ్ణి బయటికి లాగడానికి ఆమె రోజుకో వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి అయ్యాక దొర వేషంలో వస్తే, నిజంగా దొరే వచ్చాడనుకొని వాడు బయటపడతాడు, తల తెగుతుంది. మర్నాడు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదారుస్తుంది. జాతరలో రోజుకొకటిగా కట్టేది ఈ వేషాలే. ప్రపంచంలో ఏ కామిక్‌లోనైనా చంపినవాడి ఇంటికి పోయి ఓదార్చే వీరనారి ఉందేమో చూపించండి!

పేజీలు నేను ఇలా పంచుకున్నాను. 1, 2 అవిలాల. 3 నుంచి 5 పాలెగాడి ఆగడాలు. 6, 7 నిజరూపం. 8 నుంచి 10 బైరాగి, 11 నుంచి 13 బండ, 14 నుంచి 16 తోటి. 17 నుంచి 20 దొర. 21, 22 మాతంగి. 23, 24 జాతర, విశ్వరూపం. ఎడమ నుంచి కుడికి చదివే పుస్తకంలో సరిసంఖ్య పేజీ ఎడమపక్క వస్తుంది, అంటే పేజీ తిప్పాకే కంటబడుతుంది. అందుకే నిజరూపం 6లో, వధ 18లో పెట్టాను. ఈ రెండూ బేసి పేజీలో పడితే ఎదురు పేజీ చదువుతుండగానే ఓరకంట కనబడిపోతాయి. ఇక ఆశ్చర్యం ఏముంటుంది?

చర్చకి పెట్టే మాట ఒకటే. మనవాళ్ళ కొత్త కామిక్స్‌లో బొమ్మ బాగుంటోంది, మాట ఇరుక్కుపోతోంది. బొమ్మంతా గీసి, రంగులేసి, మిగిలిన సందుల్లో తెలుగు కుక్కుతున్నారు. ముందు మాటకి చోటు చూసుకొని తర్వాత బొమ్మ గీయాలని నా పట్టు. ఈ పని చేసినవాళ్ళు లెక్కలతో సహా చెప్పండి.

---

#2 అలిపిరి_అక్షరం

కుంచె అన్నా, లెక్కలే చెబుతాను.

ఇంగ్లీషు అక్షరం ఒక వరుస మీద కూర్చుంటుంది. మనది మూడు అంతస్తుల ఇల్లు. పైన గుడి, ఏత్వం, నడుమ అక్షరం, కింద వత్తు. 'రాష్ట్రం' రాస్తే ష కింద రెండు వత్తులు వేలాడతాయి. కాబట్టి 10 పాయింట్ల అక్షరానికి వరుసల దూరం 14 నుంచి 14.5 పాయింట్లు ఉండాల్సిందే. 12కి తగ్గిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ఇంగ్లీషు కామిక్‌లో ఐదు వరుసలు పట్టిన మాటల బుడగలో మనకి మూడు పట్టడం గగనం.

రెండో చిక్కు మాట పొడవు. ఈ వాక్యం చూడండి:

నేను / వెళ్ళిపోతున్నానని / వాళ్ళకెందుకు / చెప్పావు?

వరుసగా 2, 7, 5, 3 అక్షరాలు. 'వెళ్ళిపోతున్నానని' మధ్యలో విరవడానికి లేదు. ఆ ఒక్క మాటే బుడగ వెడల్పుని నిర్ణయిస్తుంది, పైన 'నేను' ఒంటరిగా నిలబడుతుంది. ఇప్పుడు దీన్నే మన చిత్తూరు యాసలో రాయండి:

నేను పోతాండేది / వాళ్ళకేంటికి / చెప్తివి?

6, 5, 3. ఒక వరుస తగ్గింది, మాట పదునెక్కింది. ఇది గంగమ్మ కథ, మాట్లాడేది అవిలాల మనుషులు. యాస రాస్తే అందం ఎటూ వస్తుంది, పైగా చోటు మిగులుతుంది. సినిమా తెలుగు రాసి దాన్ని బుడగలో ఇరికించడం ఎందుకు?

కొలతలకొస్తే, 10 పాయింట్లలో ఎనిమిది అక్షరాల వరుస ఇంచుమించు 25 మిల్లీమీటర్లు వస్తుంది. అటూ ఇటూ నాలుగేసి మిల్లీమీటర్ల ఖాళీ కలిపితే బుడగ 33. క్రౌను నాలుగో వంతు సైజు, అంటే సుమారు 7¼ × 9½ అంగుళాల పుస్తకంలో అడ్డంగా మూడు ప్యానెళ్ళు (బొమ్మ గళ్ళు) వేస్తే ఒక్కోటి 52 మిల్లీమీటర్లు. అందులో బుడగే మూడింట రెండు వంతులు తినేస్తుంది. కాబట్టి మాటలున్న వరుసలో రెండు ప్యానెళ్ళకి మించి వేయొద్దు. మూడు, నాలుగు వేయాలనిపిస్తే అక్కడ మాట ఉండకూడదు, చూపులో చేతులో మాత్రమే ఉండాలి.

బుడగకి నాలుగు వరుసలు దాటించొద్దు. అయిదోది వచ్చిందంటే రెండు బుడగలు చేయండి, లేదంటే వాక్యం మళ్ళీ రాయండి. నిలువు బుడగ మనకి శత్రువు. జపాన్ మాంగాలో బుడగలు సన్నగా నిలువుగా ఉండేది వాళ్ళ రాత పైనుంచి కిందికి సాగుతుంది కనుక. ఆ ఆకారం నచ్చి మనవాళ్ళు అలాగే గీస్తున్నారు. అందులో తెలుగు పోస్తే వరుసకి ఒక మాట పడి బియ్యం జల్లినట్టు ఉంటుంది. మనకి అడ్డంగా సాగిన, మూలలు కొద్దిగా గుండ్రం తిరిగిన బుడగ కావాలి.

---

#3 కాణిపాకం_కామిక్స్

అక్షరం అక్కా, రెండు సందేహాలు. ఇంగ్లీషు కామిక్‌లో అరుపంటే లావుపాటి పెద్దక్షరాలు వేస్తారు. మనకి పెద్దక్షరాలు లేవు, బోల్డ్ చేస్తే మసి పూసినట్టుంది. మరి అరుపు ఎట్లా చూపాలి? ఇంకోటి, బొమ్మలు గీసే యాప్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కకొస్తున్నాయి. ఏ ఫాంటు మార్చినా అంతే.

---

#4 అలిపిరి_అక్షరం

రెండోది ముందు చెబుతా. అది ఫాంటు తప్పు కాదు తమ్ముడూ. వత్తుని అక్షరం కిందికి చేర్చే పని సాఫ్ట్‌వేర్ చేయాలి, చాలా బొమ్మల యాప్‌లకి అది రాదు. ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సుల్లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేదా దక్షిణాసియా లేఅవుట్ ఉందేమో చూసి ఎంచుకో. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ని వరల్డ్-రెడీకి మార్చాలి. డబ్బు పెట్టకుండా కావాలంటే ఇంక్‌స్కేప్ చాలు, తెలుగు చక్కగా కూరుస్తుంది. బొమ్మని ఎక్కడైనా గీసుకో, అక్షరాలు మాత్రం ఇంక్‌స్కేప్‌లో వేరే పొరగా పెట్టు. ప్రెస్సుకి పంపే కాపీలో అక్షరాల్ని పాత్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చు, మార్చని కాపీ ఒకటి దాచుకో. పాత్ చేశాక అచ్చుతప్పు దిద్దడం కుదరదు.

యూనికోడ్‌లోనే టైప్ చెయ్యి. పాత డీటీపీ ఫాంట్లలో చేస్తే అచ్చులో బాగానే ఉంటుంది గానీ రేపు ఫోన్ వెర్షన్ చేయాలంటే మొత్తం మళ్ళీ కొట్టాలి. ఇంకో చిన్న మెలిక, 'బ్యాట్‌మ్యాన్' అని రాసేటప్పుడు ట్ తర్వాత కనబడని విడదీత గుర్తు పెట్టకపోతే 'బ్యాట్మ్యాన్' అయి కూర్చుంటుంది. సూపర్‌హీరో, స్పైడర్‌మ్యాన్ అన్నీ ఇంతే. తెలుగు కీబోర్డుల్లో చాలావాటికి ఈ గుర్తు ఉంటుంది, ఎక్కడుందో వెతికి పెట్టుకో. అట్టమీద పేరు తప్పు పడితే దిద్దే దారి లేదు.

ఇక అరుపు. బోల్డ్ చేస్తే ష, ఘ, క్ష లాంటి వాటి లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఏటవాలు అసలొద్దు, తెలుగుకి నిజమైన ఇటాలిక్ ఉండేది అరుదు, కంప్యూటర్ వంచితే అక్షరం జారిపడ్డట్టు ఉంటుంది. అరుపు మాటని మిగతావాటికంటే 15 నుంచి 20 శాతం పెంచి దానికదే ఒక వరుస ఇవ్వు. 'ఒరేయ్' సరిపోకపోతే 'ఒరేయ్య్' అని సాగదీయొచ్చు. బుడగ అంచుని ముళ్ళుగా గీస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

ఫాంట్లలో గూగుల్‌లో ఉచితంగా దొరికేవి చాలు. సంభాషణకి మండలి లాంటి నిండైన, సాదా అక్షరం. రామరాజ అట్టకి, వేషం పేరు వేసే చోట. బుడగలో మాత్రం వాడొద్దు. పుస్తకం మొత్తానికి రెండు ఫాంట్లు దాటకూడదు.

---

#5 పాకాల_జంక్షన్

మాటకి చోటు అన్నారు కదా, సినిమాల్లోనూ రోగం అదే. అక్కడ బుడగ బదులు నోరు.

కొత్త లోక తెలుగు డబ్బింగ్‌నే చూడండి. మలయాళంలో మాటలు చాలావరకు 'మ్', 'న్', 'ల్' లాంటి హల్లుతో ముగుస్తాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. అంటే తెరమీద మనిషి పెదవి మూసేశాక కూడా మన గొంతు ఇంకా సాగుతుంది. దూరపు షాట్‌లో ఎవరికీ పట్టదు, క్లోజప్‌లో మాత్రం కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెలిసిన రచయిత క్లోజప్ వాక్యం చివర నిజం, సిద్ధం, పంతం, ప్రాణం లాంటి సున్నా మాట వచ్చేలా తిప్పి రాస్తాడు. 'నేను తయారుగా ఉన్నాను' బదులు 'నేను సిద్ధం'. పెదవి మూసే చోట ప, బ, మ పడితే చాలు, మిగతా అక్షరాలు అటూ ఇటూ అయినా చెవి క్షమిస్తుంది. రెండు సెకన్ల క్లోజప్‌లో పదీ పన్నెండు అక్షరాలు హాయిగా పడతాయి. పదహారు పెడితే కళాకారుడు పరుగెత్తుతాడు, భావం పోతుంది.

యానిమేషన్‌లో ఈ బాధ తక్కువ. జపాన్ బొమ్మల నోరు మూడు నాలుగు ఆకారాల మధ్యే ఆడుతుంది, లెక్క సరిపోతే చాలు. 'సోలో లెవెలింగ్' తెలుగులో వినసొంపుగా ఉండటానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. 2025 సెప్టెంబరు 12న ఒకే రోజు థియేటర్లకి 'మిరాయ్' ఒకపక్క, 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు డబ్బింగ్ ఇంకోపక్క వచ్చాయి. మన ఊళ్ళ పిల్లకాయలు రెంటికీ పోయారు. అశోకుడి తొమ్మిది గ్రంథాల ఊహని మిరాయ్ బాగా వాడుకుంది, కానీ పాత్రలు కథని విడమరిచి చెప్పే మాటలు ఎక్కువైపోయాయి. పోరాటం మధ్యలో ఎవరూ ఎవరికీ పాఠం చెప్పరు. 'కల్కి 2898 ఏడీ'లో యంత్రాలు, ఆ బుజ్జి బండి, కాంప్లెక్స్ నిర్మాణం చూడముచ్చటగా ఉన్నాయి, మాటలు మాత్రం ఆ లోకానివి కాకుండా ఇప్పటి హైదరాబాదువిలా వినిపిస్తాయి.

సిరీస్‌లలో 'దూత' నాకు ఇప్పటికీ ఇష్టం. 2023 డిసెంబరులో వచ్చింది, ఎనిమిది భాగాలు. జరగబోయేది పత్రిక ముక్కలో ముందే అచ్చయి కనబడటం అనే ఊహ తెలుగు అచ్చు చుట్టూ తిరుగుతుంది, అది మనకి కలిసొచ్చింది. తెరమీద తెలుగు అక్షరం చదువుతూ భయపడటం అరుదైన అనుభవం.

గంగమ్మ కామిక్‌కి నా సలహా: ప్రతి బుడగనీ పైకి చదవండి. ఒక్క ఊపిరిలో రాకపోతే అది బుడగకి పెద్దది.

---

#6 చంద్రగిరి_కోట

అందరూ కాగితం దగ్గరే ఆగిపోతున్నారు. ఇప్పటి పిల్లలు చదివేది ఫోన్‌లో. నిలువుగా జారే వెబ్‌టూన్ చేస్తే ఈ బుడగల తగాదా సగం తీరుతుంది. 800 పిక్సెళ్ళ వెడల్పు, ఒక్కో ముక్క 1280 ఎత్తు. ఫోన్ తెర వెడల్పు దాదాపు 68 మిల్లీమీటర్లు అనుకుంటే మిల్లీమీటరుకి 12 పిక్సెళ్ళు. అక్షరం చేతికి మూడు మిల్లీమీటర్లు కనబడాలంటే 36 పిక్సెళ్ళు. వరుసకి పదిహేను అక్షరాలు సునాయాసంగా పడతాయి, పక్కన ఇంకో ప్యానెల్ ఉండదు కాబట్టి బుడగని తెర నిండా సాగదీయొచ్చు.

పైగా రంగులకి లెక్కే లేదు. వేట జరిగేది రాత్రుళ్ళు. రాత్రంటే నీలం. కాగితం మీద ఖర్చుకి జడిసి రంగులు తగ్గిస్తామంటే కథ చచ్చిపోతుంది.

---

#7 మాపులిథో

కోట తమ్ముడూ, ఫోన్ వెర్షన్ వద్దనడం లేదు. రంగుల విషయంలో మాత్రం ఒప్పుకోను.

వేషాల్ని ఒకసారి మనసులో వరసగా నిలబెట్టు. బైరాగి తెలుపు. బండ కుంకుమ ఎరుపు. తోటి బొగ్గు నలుపు. దొర గంధం రంగు. జాతర తన రంగులు తనే ఎంచుకుంది, వాటిలో నీలం లేదు. ఆఫ్‌సెట్ అచ్చులో రంగు అంటే రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు: సయాన్ (నీలం), మెజెంటా (గులాబీ ఎరుపు), ఎల్లో, బ్లాక్. ఈ కథకి సయాన్ ప్లేటు తీసేయండి. తెలుపు కాగితానిదే. ఎరుపు మెజెంటా 100 శాతం, ఎల్లో 100 శాతం. గంధం మెజెంటా 12, ఎల్లో 35. నలుపు నలుపే. మూడు ప్లేట్లతో పుస్తకం అయిపోతుంది. ఖర్చు తగ్గుతుంది సరే, అసలు లాభం వేరే. ఏ పేజీ తెరిచినా ఇది ఫలానా పుస్తకం అని దూరం నుంచి తెలిసిపోతుంది.

రాత్రి అంటావా? గంధం మీద నలుపు 40, 60 శాతం చుక్కలు పరిస్తే దివిటీ వెలుగులో గోధుమ రంగు రాత్రి వస్తుంది. జాతర రాత్రి దివిటీలదీ పెట్రోమాక్సుదీ, వెన్నెలది కాదు. తోటి వేషంలో వేపాకు ఉంటుంది, పచ్చరంగు ఎట్లా అని అడుగుతారు. ఎల్లో 100 మీద నలుపు 40 వేయండి, ముదురు వేపాకు పచ్చ వస్తుంది. సయాన్ అక్కర్లేదు.

ఇక ప్రెస్సులో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే...

బుడగలో అక్షరం నలుపు ప్లేటు ఒక్కదానిలోనే ఉండాలి, నలుపు 100, మిగతావన్నీ సున్నా. కంప్యూటర్‌లో మామూలు నలుపుని అలాగే అచ్చు రంగుల్లోకి మార్చి పంపితే అది నాలుగు రంగుల మిశ్రమం అవుతుంది. ప్లేట్లు ఒక వెంట్రుకంత పక్కకి జరిగినా అక్షరం చుట్టూ ఎర్రటి నీడ పడుతుంది, వత్తులు చదవలేం. తోటి పేజీల్లో పెద్ద నల్ల మైదానాలుంటే అక్కడ మాత్రం నలుపు కింద మెజెంటా 40, ఎల్లో 40 వేయండి, లేకపోతే ఆ నలుపు బూడిదగా తేలిపోతుంది.

కాగితం మాపులిథో 90 జి.ఎస్.ఎమ్ (చదరపు మీటరుకి 90 గ్రాముల బరువు). 70 వాడితే తోటి పేజీ నలుపు వెనక్కి కనబడుతుంది. ఆర్టు పేపరు మెరుపు ఈ కథకి నప్పదు. మాపులిథో సిరాని పీల్చుకుంటుంది, చుక్క ఉబ్బుతుంది, కాబట్టి తెరమీద నచ్చినదానికంటే నడిమి ఛాయల్ని పదిశాతం తేలిక చేసి పంపండి. అట్ట 250 జి.ఎస్.ఎమ్, మ్యాట్ లామినేషన్.

A3 కాగితం మీద గీయండి. ఒకటిన్నర రెట్లు అంటే 10⅞ × 14¼ అంగుళాలు, A3లో సరిపోతుంది. గీతల పొర 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి, రంగుల పొరకి 300 చాలు. చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగుకి వదలండి. కోత గీత నుంచి లోపలికి ఇంకో 5 మిల్లీమీటర్ల దాకా బుడగ రాకూడదు. వంద, రెండొందల కాపీలైతే 13 × 19 షీటు మీద డిజిటల్ వేయించండి, విప్పిన రెండు పేజీలు 14½ × 9½ అందులో పడతాయి. వెయ్యి దాటుతుందనుకుంటేనే ఆఫ్‌సెట్. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు కాబట్టి మూడు రంగుల వల్ల డబ్బు మిగలదు, అందం మాత్రం అదే.

---

#8 అవిలాల_వాకిలి

మాపులిథో మామ రంగుల వరస సరిగ్గా చెప్పినాడు. కొన్ని జాగ్రత్తలు చెప్పాలి.

బైరాగిది నున్నటి తెలుపు కాదు. ఒంటికి పూసిన పూత ఆరి పగుళ్ళు తేలిన తెలుపు. ఖాళీ కాగితం వదిలేస్తే మనిషి దెయ్యంలా తేలిపోతాడు. మోచేతి దగ్గర, మెడ దగ్గర సన్న గీతలతో పగుళ్ళు చూపండి. దొర వేషం గంధం తడిగా ఉంటుంది, అక్కడ గీత తక్కువ, ఛాయ ఎక్కువ ఉండాలి. రెండింటినీ ఒకే చేత్తో గీస్తే తేడా తెలియదు.

బండ వేషం దగ్గర కామిక్ గీసేవాళ్ళు తడబడతారు. ఆ రోజు తిట్లు ఆచారం. దాక్కున్న పాలెగాడికి రోషం పుట్టించి బయటికి లాగాలన్నదే వాటి లెక్క. కథలో వాటికి పని ఉంది, తీసేయకూడదు. అచ్చులో యథాతథంగా వేయడమూ కుదరదు, పిల్లలు చదువుతారు. ఇంగ్లీషు కామిక్స్‌లో తిట్టు బదులు నక్షత్రాలు, మెలికలు వేస్తారు. తెలుగు బుడగలో అవి అచ్చుతప్పులా కనబడతాయి. నా మాటగా, తిట్టుని చూపొద్దు, తగిలిన ముఖాన్ని చూపండి. గుంపు నోళ్ళు తెరుచుకొని ఉంటాయి, బుడగల తోకలు గడపలోకి దూరతాయి, బుడగల లోపల ఎర్రరంగు తప్ప ఏమీ ఉండదు. లోపల చీకట్లో పాలెగాడు చెవులు మూసుకొని ఉంటాడు.

శబ్దాలకి మనం ఎవరి దగ్గరా అప్పు చేయక్కర్లేదు. కొమ్మ విరిగితే ఫెళ్, కుండ పగిలితే భళ్, తాడు తెగితే పుటుక్, కొరడా ఛళ్, గజ్జె ఘల్, తలుపు ధడేల్. 'ఫెళ్ళుమని' అని మొత్తం రాయొద్దు, 'మని' తీసేసి ధ్వని ఒక్కటే ఉంచండి. ఇవి ఫాంటులో పెట్టొద్దు, కుంచెతో రాయండి. డప్పు మోత ప్యానెల్ అంచుల్ని దాటుకొని పోవాలి, గజ్జె చప్పుడు కాలి దగ్గరే చిన్నగా ఉండాలి.

ఇంకోటి. ఆమెని తెల్లవాళ్ళ కామిక్ నాయికలాగా బిగుతు బట్టల్లో గీయొద్దు. వేషాలు కట్టేది కైకాలవాళ్ళ ఇంటి మగవాళ్ళు, ఆ ఒళ్ళు, ఆ అడుగు, ఆ బరువు వేరే. ఆ నడకని గీయండి, అమ్మవారు అదే అవుతుంది.

---

#9 చంద్రగిరి_కోట

వేపాకు పచ్చకి ఎల్లో, నలుపు కలపొచ్చన్నది నాకు తట్టలేదు. రంగుల విషయంలో మామ మాటకే ఓటు. ఫోన్ వెర్షన్‌లో కూడా ఇవే నాలుగు రంగులు ఉంచుదాం.

ఒక్క అడ్డు మాత్రం ఉంది. కాగితం పేజీని కత్తిరించి నిలువుగా పేర్చి వెబ్‌టూన్ అనకండి. వధ దగ్గర 18, 19 పేజీల మీదుగా సాగే అడ్డబొమ్మ ఫోన్‌లో అగ్గిపెట్టంత అవుతుంది. దాన్ని నిలువుగా మళ్ళీ గీయాల్సిందే. కత్తి పైనుంచి దిగడం, తెర జారుతున్న కొద్దీ కిందికి రావడం. అలా గీస్తే ఫోన్‌కి ఉన్న బలం తెలుస్తుంది.

---

#10 కాణిపాకం_కామిక్స్

పాకాల అన్నా, చిన్న ప్రశ్న. ఓటీటీలో ఈ సినిమాలు పెడితే టీవీలో మాట వినబడదు, ఫైట్ రాగానే ఇల్లదురుతుంది. డబ్బింగ్ బాగుందో లేదో తేల్చుకోవడానికి కూడా లేదు.

---

#11 పాకాల_జంక్షన్

అది డబ్బింగ్ తప్పు కాదబ్బా. థియేటర్ తరహా 5.1 మిక్స్‌లో మాట నడిమి స్పీకర్‌కి ఉంటుంది. టీవీలో ఆ స్పీకర్ ఉండదు, రెండింటిలోకి కుదించేటప్పుడు మాట నలిగిపోతుంది. ఆడియో జాబితాలో తెలుగు ఒకటి, తెలుగు 5.1 ఒకటి ఉంటే మామూలు తెలుగు ఎంచుకో. ఒకటే ఉంటే టీవీ సౌండ్ సెట్టింగుల్లో స్వరాన్ని పెంచేది, లేదా నైట్ మోడ్ పెట్టు. చిత్రానికి సినిమా మోడ్ పెట్టి, కదలికల్ని నున్నగా చేసే సెట్టింగు ఆపెయ్. 24 ఫ్రేముల సినిమా సీరియల్‌లా కనబడేది దానివల్లే.

---

#12 మాపులిథో

18, 19 అడ్డబొమ్మ గురించి కోట ఎత్తాడు కాబట్టి చెప్పాలి. మధ్యలో పిన్ను కొట్టిన 24 పేజీల పుస్తకంలో ఒకే షీటు మీద పక్కపక్కన అచ్చయ్యే జంట 12, 13 మాత్రమే. 18వ పేజీ ఒక షీటు మీద, 19 ఇంకో షీటు మీద ఉంటాయి. మడతలో మిల్లీమీటరో రెండో తేడా వచ్చి తీరుతుంది, రంగు కూడా కొద్దిగా మారొచ్చు. కాబట్టి అక్కడ మడత మీద ముఖం, కన్ను, కత్తి మొన, అక్షరం ఏవీ పెట్టొద్దు. చీకటో, పొగో, ఖాళీ నేలో పెట్టండి.

నీ పంపకంలో 12, 13 బండ వేషంలో పడ్డాయి కుంచె. గుంపు మొత్తాన్ని ఆ జంటలో పరిచేయి, అక్కడ భయం లేదు. పిన్ను దగ్గర అటూ ఇటూ 6 మిల్లీమీటర్లలో బుడగ రాకుండా చూసుకో.

అచ్చుకి ముందు ఒక కాపీని అదే మాపులిథో మీద తీయించి, మడిచి, పిన్ను కొట్టి చూడు. తెరమీద చూసి ఓకే అనొద్దు.

---

#13 కొర్లగుంట_కుంచె

అందరి మాటా కలిపి 17 నుంచి 19 దాకా మళ్ళీ రాశాను. అక్షరాలు ముందు పెట్టాకే పెన్సిల్ ముట్టుకున్నాను.

పేజీ 17, మూడు వరసలు.

మొదటి వరస, పేజీ వెడల్పు మొత్తం ఒకే ప్యానెల్. వీధి చివర గంధం పూసుకున్న దొర. ముఖం కనబడదు. కాళ్ళ దగ్గర చిన్నగా, కుంచెతో: ఘల్.

రెండో వరస, రెండు ప్యానెళ్ళు. ఎడమ దాంట్లో తలుపు సందులో పాలెగాడి కన్ను. బుడగ: 'దొర / వస్తాండాడా?' కుడి దాంట్లో బంటు వంగి: 'నిజమే సామీ. / గంధం వాసన / ఈడిదాకా వస్తాంది.' మూడు వరుసలు, పెద్దది ఏడు అక్షరాలు.

మూడో వరస, రెండు ప్యానెళ్ళు. తలుపు గడియ తీసే చెయ్యి, మాట లేదు. తర్వాత గడప దాటిన కాలు. కుడివైపు కింది మూల, పేజీ తిప్పే చోట: 'దండాలు / దొరా...'

తిప్పితే 18, 19. ఎడమ పేజీలో పైకెత్తిన కత్తి, ఈ వేషంలో ఆమె ముఖం మొదటిసారి పూర్తిగా. కుడి పేజీలో వాడు, సగం వంగిన దండంతో. మడత మీద గంధం రంగు ధూళి తప్ప ఏమీ లేదు. ఇక్కడ ఒక శబ్దం రాసుకున్నాను, తీసేశాను. రెండు పేజీల మీద ఒక్క అక్షరం కూడా లేదు.